బాల్కనీ ఎత్తు రోడ్డు

నాంపల్లి స్టేషన్‌కూ ఆబిడ్స్‌కూ నడుమ ఆ రోజుల్లో పొద్దు పొగతో మొదలయ్యేది. రైలింజన్ల పొగ, ఇరానీ హోటల్ పొయ్యి పొగ, గురువారాలైతే దర్గా వైపు నుంచి ఊదు పొగ, అన్నీ కలిసి మా మేడ మీది బాల్కనీ దాకా ఎక్కివచ్చేవి. కళ్ళు తెరిచేసరికి కింద టాంగా గుర్రాల డెక్కల చప్పుడు, సైకిలు గంటలు. లేచి తొంగిచూస్తే రోడ్డు కనిపించేది కాదు. మనుషుల తలలు మాత్రం పొగలో తేలుతూ పోయేవి. రాష్ట్రం కలిసిన కొత్తల్లో, పెళ్ళయి కృష్ణా జిల్లా నుంచి దిగిన నాకు, ఇది నిజంగా ఊరేనా, లేక నేనింకా రైల్లో నిద్రపోతున్నానా అనిపించేది. చాలా నెలలు అలాగే గడిచాయి. మా ఆయన ఆఫీసుకు పోయాక ఆ బాల్కనీలో కూర్చుని, చేతిలో దువ్వెన చేతిలోనే ఉండగా, మధ్యాహ్నం దాకా రోడ్డు చూసేదాన్ని.

మేడ మీద రెండు వాటాలు. ఒకటి మేం కిరాయికి తీసుకున్నది, రెండోది ఇంటావిడది. బాల్కనీ మాత్రం ఒక్కటే, మధ్యలో నడుమెత్తు చెక్క అడ్డం. ఆవిడ పాత హైదరాబాదీ వర్తకుల ఇంటి కోడలు. పిల్లల్లేరు. భర్త పోయినప్పుడు ఆచారం ప్రకారం ఏడాది గడప దాటకుండా కూర్చుంది. ఏడాది తీరాక బయటికి రమ్మని ఎవరూ అనలేదు, రావద్దనీ ఎవరూ అనలేదు. ఆవిడా అడగలేదు. అలా ఉండిపోయింది, అంతే. నేను వచ్చేనాటికి అలా ఎన్నేళ్ళయిందో ఆవిడకే గుర్తు లేదు. నేను పిన్నిగారూ అనేదాన్ని. ఆవిడ నన్ను బిడ్డా అనేది.

గడప దాటకపోతేనేం, ఆవిడకు రోడ్డుతో లేని సంబంధం లేదు. బాల్కనీకి వెదురు తెర వేలాడేది. దాని వెనక ఆవిడ పీట. పీట పక్కన తాడు కట్టిన బుట్ట. పొద్దున్నే బుట్ట దిగేది. కూరలు, పూలు, తమలపాకులు, పత్రిక, చివరికి పక్కింటి వాళ్ళ పెళ్ళి లడ్డూలు కూడా అందులోనే పైకెక్కేవి. కింది వాళ్ళకు తాడు పట్టిన చెయ్యి కనిపించేది, గొంతు వినిపించేది. మొహం ఎవరూ ఎరగరు. గొంతంటే మామూలు గొంతా! రెండు లారీలు హారన్లు కొడుతున్నా వాటి మీదుగా వినబడేది. రోడ్డు మీద బండ్లు చిక్కుకుపోతే పైనుంచి ఆవిడే సర్దేది.

"ఓ టాంగా భయ్యా! జర ఎనుకకు తీయ్! గా సైకిలాయన పోతడు! రిక్షా, నువ్వు ఆగు, నీకేం తొందర?"

వాళ్ళు తల ఎత్తి తెర వైపు చూసి, చెప్పినట్టే చేసేవాళ్ళు. చౌరస్తాలో నిలబడే పోలీసు మాట కూడా వాళ్ళు అంత తొందరగా వినగా నేను చూడలేదు.

ఇంతలో హవా సడక్ వచ్చింది. వచ్చిందంటే రోడ్డు రాలేదు, రోడ్డు గురించిన మాట వచ్చింది. నాంపల్లి స్టేషన్ నుంచి ఆబిడ్స్ మీదుగా, కింద ఒక రోడ్డు ఉండగానే దాని మీద స్తంభాలు లేపి ఇంకో రోడ్డు వేస్తారని. పత్రికలు దానికి పెద్ద పెద్ద పేర్లు పెట్టాయి. మా వీధి వాళ్ళు మాత్రం హవా సడక్ అనేశారు, గాలిలో రోడ్డు అని. మా ఆయన రోడ్ల ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. ఆయనకిక అన్నం సహించేది కాదు, నిద్ర పట్టేది కాదు. సాయంత్రం బాల్కనీలో నిలబడి అరచెయ్యి గాలిలో మెల్లగా జరుపుతూ చూపించేవాడు.

"ఇదిగో, సరిగ్గా ఇంత ఎత్తున. మన బాల్కనీ ఎత్తున. బస్సులు, కార్లు అన్నీ ఇలా మన ముందు నుంచి ఈదుకుంటూ పోతాయి. గుంట ఉండదు, గుర్రం ఉండదు, రైలు గేటు ఉండదు. స్టేషన్లో ఎక్కితే ఖైరతాబాద్ కన్నుమూసి తెరిచేలోగా."

"ఆ చేత్తోనే ఆకాశానికి నిచ్చెన కూడా వెయ్యకపోయారా" అనేదాన్ని. నాకు కోపం ముక్కు మీదే ఉండేది, ఇప్పటికీ అక్కడే ఉంది. కానీ నిజం చెప్పొద్దూ, నాకూ ఆ రోడ్డు కావాలనే ఉండేది. మధ్యాహ్నం కునుకులో అది కనిపించేది. తెల్లగా, దుమ్ము లేకుండా. దాని మీద నేనొక్కదాన్నే, జుట్టు విరబోసుకుని, చెప్పుల్లేకుండా నడిచిపోతున్నట్టు. కింద ఊరు చిన్నగా గొణుగుతున్నట్టు. సాగర్ చెరువు మీది గాలి చెంపలకు తగులుతున్నట్టు. మెలకువ వచ్చాక కూడా కాసేపు అరికాళ్ళు చల్లగా ఉండేవి.

ఊరు రెండుగా చీలింది. కింది ఇరానీ హోటల్లో ఒకే బల్లకు అటొకరు ఇటొకరు కూర్చుని, ఒకే చాయ్ చెరి సగం తాగుతూ కొట్టుకునేవాళ్ళు. హిమాయత్‌నగర్ నుంచి వచ్చే గుమాస్తాలు రోడ్డు కావాలనేవాళ్ళు, బస్సు గేటు దగ్గర నిలబడిపోయి ఆఫీసులో తిట్లు తినీ తినీ విసిగిపోయారు మరి. ఉస్మాన్‌గంజ్ వర్తకులు లారీల కోసం కావాలనేవాళ్ళు. మా సందులో ఉండే బడిపంతులు ఒకాయన, "ఆ ఖర్చు పెట్టి ఇంటింటికీ కుళాయి వెయ్యండయ్యా, పైన కార్లు పోతుంటే కింద బిందెలు పట్టుకు నిలబడతామా?" అని ఎవరు దొరికితే వాళ్ళ మీద విరుచుకుపడేవాడు. స్టేషన్ ముందు రిక్షావాళ్ళది ఇంకో బాధ. "గంత ఎత్తు మేమెట్ల ఎక్కాలె? మోటార్లోళ్ళకు మబ్బుల రోడ్డు, మాకు బురద రోడ్డా?" అని వాళ్ళు.

ఈ వాదనంతా బెండకాయలతో పాటు బుట్టలో పైకెక్కేది. కూరలబ్బాయి కింద నుంచి ఒక మాట అంటే పిన్నిగారు పైనుంచి ఇంకొకటి. మొదట్లో ఆవిడ రోడ్డు పక్షమే. "ఊరు పెరుగుతుంటె రోడ్డు పెరగద్దా?" అనేది. ఆ రోడ్డుకు తన బాల్కనీయే అడ్డమవుతుందని అప్పటికి ఆవిడకు తెలియదు.

ఒకరోజు టేపు పట్టుకుని నలుగురు మనుషులు వచ్చారు. కొలిచారు, ఏదో అనుకున్నారు, బాల్కనీని మోస్తున్న స్తంభం మీద ఎర్రరంగుతో గీత గీశారు. పైనుంచి ఆవిడ గొంతు దిగింది.

"ఏంది కొడుకా గది?"

"గీత దాకా పోతదమ్మా. రోడ్డుకు జాగ గావాలె."

"గీత దాకా అంటే?"

"గా బాల్కనీ అంతా, అమ్మా."

ఆవిడ బుట్ట పైకి లాక్కుంది. మర్నాడు బుట్ట దిగలేదు. ఆ మర్నాడూ దిగలేదు. కూరలబ్బాయి కింద నిలబడి పిలిచి పిలిచి వెళ్ళిపోయాడు. టాంగావాళ్ళు తల ఎత్తి, "అమ్మ మంచిగున్నదా?" అని నన్నడిగారు. రోడ్డు మీద బండ్లు చిక్కుకుపోతే ఒకళ్ళ మీద ఒకళ్ళు అరుచుకున్నారే గానీ ఎవరూ జరగలేదు. నాకా నిశ్శబ్దం భరించడం కష్టమైంది. ఇంట్లో గిన్నెలన్నీ చప్పుడయ్యేలా తోమాను.

మూడోనాటి సాయంత్రం చెక్క అడ్డం మీదుగా ఆవిడ మా ఆయన్ని పిలిచింది.

"కొడుకా, గీ గీత కాయితం మీద ఎవలు గీసిన్రు?"

అబద్ధం చెప్పడం రాదు ఆయనకి, అదొక్కటే ఆయనలో నాకు నచ్చనిదీ నచ్చేదీ.

"నేనే పిన్నిగారూ. గీయమన్నారు, గీశాను. మన ఇల్లని తెలిసేసరికి గీత అయిపోయింది."

ఆవిడ కాసేపు ఆయన చేతుల వైపు చూసింది. "సక్కగనే గీసినవ్. వంకర లేదు" అని లోపలికి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది. ఆయన ఆ పూట అన్నం ముట్టలేదు. నేను వడ్డించిన కంచం ముందు కూర్చుని వేళ్ళు చూసుకుంటూ ఉండిపోయాడు. అప్పటికీ నేను వదల్లేదనుకోండి, "ఊళ్ళో ఇంకో బాల్కనీ దొరకలేదా మీ పెన్సిలుకి?" అని సాధించాను.

రోడ్డు గురించి జనం మాట వింటామని ఆబిడ్స్‌లో ఒక బడి హాల్లో సభ పెట్టారు. ఇల్లు పోయేవాళ్ళు, దుకాణం పోయేవాళ్ళు వచ్చి చెప్పుకోవచ్చన్నారు. అంతకు ముందురోజు ఉస్మాన్‌గంజ్ నుంచి పిన్నిగారి మరిది వచ్చాడు. ఇంటి మగదిక్కు ఆయనే. ధాన్యం వ్యాపారం. మనిషి మంచివాడే, నెలనెలా సరుకులు పంపేవాడు.

"నువ్వేం ఫికర్ జెయ్యకు వదినా. నేను పోయి మాట్లాడుత. బాల్కనీ పోతే పోనియ్యి, గదేమన్న బంగారమా? రోడ్డొస్తె మన లారీలు జల్దీ వస్తయ్."

"నీ ఇష్టం" అంది ఆవిడ తలుపు చాటు నుంచి. రోడ్డంతా దద్దరిల్లే గొంతు పక్క వాటాలో ఉన్న నాకే సరిగ్గా వినబడలేదు.

ఆయన మెట్లు దిగాడో లేదో నేను అడ్డం దగ్గరకు పోయాను. ఒళ్ళు మండిపోతోంది.

"ఆయన లారీల మాట ఆయన చెప్పుకుంటారు. మీ మాట ఎవరు చెబుతారు పిన్నిగారూ?"

"నాకేం మాట బిడ్డా?"

"రోజూ రోడ్డంతటికీ చెబుతారు కదా! అది మాట కాదా?"

"గది పైకెళ్ళి, తెర ఎనుక నుంచి. కిందికి దిగి మాట్లాడుడు నాకు రాదు." పీట మీద కూలబడింది. తెర సందుల్లోంచి పడే వెలుగు ఆవిడ మోకాళ్ళ మీద గీతలు గీతలుగా ఉంది. "గీ బాల్కనీ పోతే నాకు దినం ఎట్ల గడుస్తది బిడ్డా? నాతోని మాట్లాడేటోళ్ళంత గీ రోడ్డు మీదనే ఉన్నరు. నాలుగు గోడల నడుమ నేనేం జెయ్యాలె? ఎవల పిలవాలె?"

"అయితే అదే చెప్పండి. వచ్చి చెప్పండి. లేకపోతే ఊరుకోండి, రేపట్నుంచి నా దగ్గర ఏడవకండి" అన్నాను. అనేసి లోపలికొచ్చి నేనే ఏడ్చాను.

మర్నాడు పొద్దెక్కాక నా తలుపు చప్పుడైంది. గుమ్మంలో పిన్నిగారు. ఉతికిన చీర, నెత్తి మీద కొంగు. ఇన్నేళ్ళలో ఆవిడను చెక్క అడ్డానికి ఇవతల చూడడం అదే మొదలు.

"చెప్పులున్నయా బిడ్డా? నాకు లేవు."

నా చెప్పులే ఇచ్చాను, ఆవిడ పాదాలకు బాగా పెద్దవి. గోడ పట్టుకుని, పక్కకు తిరిగి, ఒక్కో మెట్టూ దిగింది. ఆఖరి మెట్టు మీద ఆగిపోయింది. ఎదురుగా రోడ్డు. పైనుంచి రోజూ చూసిన గుర్రాలు ఇక్కడ ఆవిడ కంటే ఎత్తుగా ఉన్నాయి. నేను తొందరపెట్టలేదు, నా జన్మలో అంత ఓపిక పట్టింది అప్పుడే. రిక్షా పిలిచాను. రిక్షా అతను ఆవిడ కొంగు చూసి, "పర్దా కట్టాల్నా అమ్మా?" అని అడిగి, సీటు కింద నుంచి దుప్పటి తీసి చుట్టూ కట్టాడు. లోపల పచ్చటి మసక. దుప్పటి అంచు కాస్త తొలగించి ఆవిడ బయటికి చూస్తూ, "గిది పూలామె. గిది మిఠాయి దుకాణం. గీడ గుంత ఉంటది సూడు" అంది. అనగానే రిక్షా గుంటలో పడి లేచింది. ఇద్దరం నవ్వాం. మలుపు తిరిగింది. బాల్కనీ నుంచి ఆ మలుపు దాకానే కనబడేది. అది దాటగానే ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, హాలు వచ్చేదాకా వదల్లేదు.

హాలు కిటకిటలాడుతోంది. ఆడవాళ్ళకని ఒక మూల గుడ్డ అడ్డం కట్టారు. దాని వెనక మేమిద్దరం, ఇంకో నలుగురు. అవతల ఒకరి తర్వాత ఒకరు లేచి మాట్లాడుతున్నారు. బడిపంతులు కుళాయిల మాట చెప్పాడు. ఒక వకీలు ఇంగ్లీషులో చాలాసేపు చెప్పాడు. మరిది లారీల మాట చెప్పి, "మా వదినకు కూడ ఏం తక్లీఫ్ లేదు" అని కూర్చోబోయాడు.

"ఉన్నది!"

హాలు ఉలిక్కిపడింది. నలుగురితో మాట్లాడడం ఆవిడకు ఒక్క తీరే తెలుసు, మేడ మీద నుంచి నడిరోడ్డుకు. నాలుగు గోడల మధ్య కూడా అలాగే అరిచింది. బల్ల వెనక పెద్ద ఆఫీసరు చేతిలో గ్లాసు తొణికింది. వెనక వరసలో రిక్షావాళ్ళు, కూరలవాళ్ళు లేచి నిలబడ్డారు.

"అరె, గీ గొంతు బుట్ట అమ్మది గదా!"

"బుట్ట అమ్మ వచ్చిందిరా! కిందికి దిగి వచ్చింది!"

ఆవిడ గుడ్డ అడ్డం చేత్తో పక్కకు జరిపింది. అంతమంది ఒకేసారి ఆవిడ మొహం చూశారు. ఏ మొహం ఊహించుకున్నారో మరి, చిన్న మనిషి, పెద్ద చెప్పులు.

"నేను మోటార్లకు అడ్డం గాను సారూ. ఊరు పెరగాలె. గంత పైసలు ఏడికెళ్ళి తెస్తరో గది మీ ఫికర్. నేను ఒక్కటే అడుగుత. మీ రోడ్డు మీద పోయేటోడు నా ముంగట నుంచే పోతడు. చెయ్యి చాపితే అందుతడు. గని నేను పిలిస్తె ఆగుతడా? ఇప్పుడు కింద పోయేటోళ్ళు నా మొకం గూడ ఎరగరు. ఐనా పిలిస్తె ఆగుతరు. నాకు ఉన్నదే గంత. గది మీరు తీస్కపోతే నాకేం ఇస్తరు?"

పెద్ద ఆఫీసరు, "రాసుకున్నాం అమ్మా" అన్నాడు మెల్లగా. మూడో వరసలో మా ఆయన తల దించుకుని కూర్చుని ఉన్నాడు.

బయటికొచ్చాక రిక్షా అతను దుప్పటి కట్టబోతే వద్దంది. రిక్షా కూడా వద్దంది. నా చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని నడిచింది. ఆబిడ్స్ నుంచి నాంపల్లి దాకా, ఎండలో, కలలో నడిచే మనిషిలా. దుకాణాల అద్దాల ముందు ఆగింది. సినిమా బోర్డుల కింద ఆగింది. సైకిళ్ళవాళ్ళు గంట కొడితే తప్పుకోవాలని ఆవిడకు తోచలేదు, నేనే లాగాను. నడిచీ నడిచీ రోడ్డుకు అవతల పక్క ఒకచోట ఆగి, చెమట తుడుచుకుంది.

"మనిల్లు ఇంకెంత దూరమున్నది బిడ్డా?"

మేం నిలబడింది సరిగ్గా ఇంటికి ఎదురుగానే. రోడ్డు మీద ప్రతి గుంటా తెలిసిన మనిషికి తన ఇల్లు తెలియలేదు. పెళ్ళికూతురిగా మొహాన కొంగు దించుకుని వచ్చింది, పైకి వెళ్ళింది. భర్త ఉండగా ఎప్పుడైనా బయటికి వెళ్ళినా పర్దా కట్టిన బండిలోనే. కింద నుంచి ఆ ఇంటిని ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

"అదేనండీ" అని వేలు చూపించాను.

ఆవిడ చూసింది. రంగు వెలిసిన గోడ. తుప్పు పట్టిన కటకటాలు. నడుమ ఒక చాపంత తెర.

"గదా? గా జరంత జాగలనా?" అంది. చాలాసేపు చూసింది. "నేను గాడ ఉన్ననా బిడ్డా, ఇన్నేండ్లు?" అని ఆ నడిరోడ్డు పక్కన వలవలా ఏడ్చింది. నాకు ఓదార్చడం రాదు, కోప్పడడమే వచ్చు. ఆవిడ భుజం పట్టుకుని నేనూ ఏడ్చాను. జనం మా పక్కల నుంచి తప్పుకుని పోయారు.

హవా సడక్ రాలేదు. ఖర్చు ఎక్కడి నుంచి తేవాలో తేలక, వాదించి వాదించి పత్రికలు వేరే వార్తల్లోకి వెళ్ళిపోయాయి. స్తంభం మీద ఎర్రరంగు వానలకు పోయింది. బుట్ట మళ్ళీ దిగింది. కొన్నాళ్ళకు బుట్ట వెనకాలే ఆవిడా దిగింది, మొదట కూరల బండి దాకా, తర్వాత మలుపు దాకా. తన కాళ్ళకు సరిపడే చెప్పులు కొనుక్కుంది. వినాయక చవితికి నాతో ఖైరతాబాద్ వచ్చింది. ఆ తర్వాత నన్ను పిలవడం మానేసి ఒక్కతే పోవడం మొదలుపెట్టింది. నాకు ఒళ్ళు మండేది, తోడు అక్కర్లేకపోయిందా అని.

డెబ్బైల్లో గాలిలో రోడ్డు బదులు నేల మీదే రోడ్డు వెడల్పు చేస్తామన్నారు. దానికి వాదనల్లేవు, సభల్లేవు. ఒకనాడు మా ఆయన ఆఫీసు నుంచి మధ్యాహ్నమే పరుగున వచ్చాడు. బాల్కనీ పడగొట్టే కూలీలు వచ్చేలోగా తన నోటితో తనే ఆవిడకు చెప్పాలని. పక్క వాటా తలుపు కొట్టి కొట్టి, చెమటలు కారుతూ నా వైపు తిరిగాడు. ఆయన వెనకే మెట్ల మీద కూలీలు సమ్మెటలు పట్టుకుని ఎక్కి వచ్చారు. వాళ్ళ మేస్త్రీ నన్ను అడిగాడు.

"ఇంటామె ఉన్నదా అమ్మా? జెప్పినంకనే కొట్టమన్నరు."

"లేరు. బయటికి వెళ్ళారు" అన్నాను.

"ఏడికి పోయింది? ఎప్పుడొస్తది?"

"తెలియదు. నాకు చెప్పలేదు" అన్నాను. అంటుంటేనే నాకూ మా ఆయనకూ ఒకేసారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.